గూటాల అడుగున గుర్తులు

స్కైలాబ్ అనే డబ్బా ఆకాశంలోంచి ఎవరి నెత్తిన పడుతుందో తెలియక జనం ఇంట్లో ఉన్న కోళ్లన్నీ కోసుకుని తినేసిన సంవత్సరం అది. పాకాల మొత్తానికి ఒక్క పుంజు మిగిలిందనీ, అది కూడా తోడు లేని దిగులుతో కూయడం మానేసి కాట్పాడి బండి కూతకే నిద్ర లేచేదనీ చెప్పుకునేవాళ్లు. ఆ ఏడాదే స్టేషన్ రోడ్డులో, పాత బెల్లం గోడౌనులో, నిర్మలమ్మ చిన్నపిల్లల బడి పెట్టింది. దానికి సరిగ్గా ఎదురుగా ఖాదర్ బాషా కడసల అంగడి.

కడసల అంటే కొయ్యను గిరగిరా తిప్పుతూ ఉలి ఆనించి గుండ్రంగా చేసే పని. మంచం కోళ్లు, చపాతీ కర్రలు, ఊయల గుండ్లు, బొంగరాలు. బాషా ఉలి ఆనించాడంటే లేచిన పొట్టు దామలచెరువు మామిడితోటల దాకా ఎగిరిపోయేది. అక్కడి కాపలావాళ్లు పూతంతా రాలిపోయిందనుకుని నెత్తీ నోరూ కొట్టుకునేవాళ్లు. ఆయన చేసిన బొంగరం ఒకటి సోమవారం పొద్దున విసిరితే శుక్రవారం నమాజు దాకా తిరిగింది. చూసిన సాక్షి ఎవరయ్యా అంటే బాషా ఒక్కడే, కానీ ఆయన్ని మించిన సాక్షి ఎవరు కావాలి?

నిర్మలమ్మ ఒకరోజు కాగితం మీద బొమ్మ గీసుకుని ఆ అంగడి మెట్లెక్కింది. జానెడున్నర పొడుగు కొయ్యదిమ్మ. దానికి వరసగా పది బెజ్జాలు. వాటిలో కూర్చోవడానికి పది గూటాలు, ఒక్కోదానికి పట్టుకోను పైన చిన్న బుడిపె. ఎత్తు అన్నిటికీ ఒకటే. లావు మాత్రం ఒకదానికంటే ఒకటి వడ్లగింజ మందం తగ్గుతూ పోవాలి. లావు గూటం సన్నబెజ్జంలో దిగకూడదు. సన్నగూటం లావు బెజ్జంలో దిగితే దిగనీ, కానీ అలా పెట్టినప్పుడు ఆఖరికి ఒక గూటం ఎక్కడా పట్టక చేతిలో మిగిలిపోతుంది. అప్పుడు, ఎక్కడో తప్పు పెట్టానని పిల్లకే తెలుస్తుంది. ఆమె మద్రాసులో ఏడాది పాటు నేర్చుకుని వచ్చిన చదువు ఇదే.

పది ఒకేలా చెయ్యమంటే ఎవడైనా చేస్తాడు, పదీ వడ్లగింజ తేడాతో చెయ్యమంటే పాకాలలో ఒక్కడే చేస్తాడని బాషా చెప్పుకున్నాడు. ఎనిమిది రోజులు కూర్చుని చేశాడు. దిమ్మకు టేకు, గూటాలకు పాలకొయ్య. నిర్మలమ్మ ఇనుప స్కేలు తెచ్చి కొలిచింది. ఆ స్కేలే కొంచెం వంకరగా ఉందని బాషా తేల్చాడు.

ఆ బడి పద్ధతే వింతగా ఉండేది. పలకలు లేవు, బెత్తం లేదు. రెండున్నరేళ్ల పసివాళ్ల నుంచి పదేళ్ల పిల్లల దాకా ఎవరికి నచ్చిన పని వాళ్లు తెచ్చుకుని చాప పరుచుకుని కూర్చునేవాళ్లు. ఒకడు చెంబులోంచి గ్లాసులోకి నీళ్లు పోస్తుంటాడు, ఇంకొకతె చింతగింజలు పదేసి గుంపులు పెడుతుంటుంది, పెద్దవాళ్లు తాడు పట్టుకుని పోయి రైలు ప్లాట్‌ఫారం పొడుగు కొలిచి వస్తారు. నిర్మలమ్మ గోడ పక్కన కూర్చుని నోటుపుస్తకంలో రాసుకుంటూ చూస్తుంటుంది, అంతే. తప్పు చేసిన పిల్లకు ఇది తప్పని చెప్పదు. ఇంకెవర్నీ చెప్పనివ్వదు. ఇదేమి బడి అమ్మా అని బాషా ఒకసారి అడిగితే, తప్పు చెప్పే పని తనది కాదని, ఆయన చేసిన కొయ్యదని చెప్పి నవ్వింది.

బడి ఊడ్చి, కుండలో నీళ్లు నింపి, పిల్లల ముక్కులు తుడిచే ఆయా తిరుమలమ్మ. ఆమె కూతురూ అల్లుడూ బెంగుళూరులో కట్టడాల పనికి పోతూ వాళ్ల పిల్ల గంగులమ్మను ఈమె దగ్గర వదిలి పోయారు. గంగులుకు నాలుగేళ్లు నిండలేదు. గుప్పెడంత మనిషి, కొండంత పట్టుదల. ఆ పిల్ల వచ్చిన మొదటి రోజే గూటాల దిమ్మ పట్టుకుంది, ఇక వదల్లేదు.

బడి కిటికీలోంచి ఆ పిల్ల చాప బాషా అంగడికి నేరుగా కనిపిస్తుంది. గంగులు గూటాలన్నీ బయటికి తీస్తుంది. కలుపుతుంది. ఒక్కోదాన్ని వేళ్లతో చుట్టూ తడిమి బెజ్జంలో పెడుతుంది. తొమ్మిది దిగుతాయి. పదోది దిగదు. దాన్ని అటు నొక్కుతుంది, ఇటు నొక్కుతుంది, పైకెక్కి కూర్చుంటుంది, కాలితో తంతుంది. ఏడుస్తుంది. ముక్కు చీదుకుని మళ్లీ అన్నీ తీస్తుంది. పూటకు ఇరవై సార్లు, ముప్పై సార్లు. ఆ పిల్ల ఏడుపు వినపడినప్పుడల్లా బాషా చేతిలో ఉలి జారేది. నిర్మలమ్మ మాత్రం కదిలేది కాదు.

పసిబిడ్డ ఏడుపు ఒక బాధైతే, దాని పక్కన ఇంకో బాధ ఉంది. అది బాషా ఎవరికీ చెప్పలేదు. కడసల పనివాడికి బెజ్జంలో కూర్చోని మంచం కోడును మించిన పరువు తక్కువ లేదు. వాళ్ల నాయన ఆ మాట చెప్పి చెప్పి చనిపోయాడు. స్టేషన్ కూలీ ఎల్లప్ప టీ తాగుతూ కిటికీలోకి చూసి, వీధంతా వినపడేలా అననే అన్నాడు.

"ఏం సాయిబూ, నీ కొయ్య కూర్చోనంటా ఉండాదే. మంచం కోళ్లు గూడా ఇట్లాంటివేనా?"

టీ అంగడి దగ్గర నలుగురూ నవ్వారు. బాషా కూడా నవ్వాడు. లోపల మాత్రం ఎవరో మూలిగే పంటి మీద చన్నీళ్లు పోసినట్టయింది.

ఆ శనివారం సాయంత్రం బాషా బడికి పోయి, పిల్లల చేతి నూనెతో దిమ్మ మురికి పట్టిందని, లక్క మెరుగు పెట్టి సోమవారానికి తెచ్చిస్తానని చెప్పాడు. నిర్మలమ్మ సంతోషంగా ఇచ్చింది. మెరుగు మాట అబద్ధం కాదు. మెరుగు నిజంగానే పెట్టాడు. దానితోపాటు పెట్టింది ఇంకొకటి ఉంది.

మంచం చేసేవాళ్లకు ఒక అలవాటు. కొన్నవాడు మంచాన్ని విడివిడిగా బండిమీద వేసుకుని ఇంటికి పోయి బిగించుకుంటాడు. ఏ కోడు ఏ మూల బెజ్జానికో తెలియాలి కదా. అందుకని కోడు అడుగున ఒక గాటు పెట్టి, దాని బెజ్జం అంచునా అదే గాటు పెడతారు. ఒక గీతకు ఒక గీత, రెండు గీతలకు రెండు గీతలు. అమావాస్య చీకట్లో గుడ్డివాడు కూడా వేలితో తడిమి బిగించుకోవచ్చు. బాషా ఆదివారం పొద్దున మేకు మొన తీసుకుని, పది గూటాల అడుగునా, పది బెజ్జాల లోపలి అంచునా, వంగి చూస్తే తప్ప కనపడనంత సన్నగా గుర్తులు గీశాడు. గీత, రెండు గీతలు, చుక్క, కొడవలి, నెలవంక, ఇలా పది.

రంపపు పొట్టు ఏరుకోవడానికి గంగులు అంగడికి వచ్చింది. బాషా పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని గూటం తలకిందులు చేసి చూపించాడు. ఈ కొడవలి చూసినావా, ఇదే కొడవలి యాడ ఉండాదో ఎతుకు అన్నాడు. పిల్ల కళ్లు చిన్నవి చేసుకుని వెతికింది. దొరికింది. గూటం మెత్తగా దిగి కూర్చుంది. టీ చల్లారేలోపు పదీ కూర్చున్నాయి. గంగులు చప్పట్లు కొట్టింది. బాషా కళ్లలో నీళ్లు తిరిగాయి, అవి సంతోషపు నీళ్లే.

పిల్ల చేతిలో ఒక బొంగరం పెట్టి, ఈ సంగతి అవ్వకు చెప్పొద్దు, టీచరమ్మకు చెప్పొద్దు, మన ఇద్దరిదే అని చెప్పాడు. గంగులు పెద్ద మనిషిలా తల ఊపింది.

సోమవారం బడిలో పండగైంది. గంగులు ఒక్కో గూటం తలకిందులు చేసి చూసి, బెజ్జంలోకి వంగి చూసి, పదీ పెట్టేసింది. ఒక్కటి మిగల్లేదు. నిర్మలమ్మ పట్టలేక రోడ్డు దాటి వచ్చి మరీ చెప్పింది. పిల్ల ఎంత జాగ్రత్తగా అడుగు నుంచి పైదాకా పరీక్షిస్తోందో, తాను పుస్తకంలో రాసుకున్నది చదివి వినిపించింది కూడా. బాషా పూరీలా పొంగాడు. మధ్యాహ్నం ఎల్లప్పను పిలిచి తన డబ్బులతో టీ తాగించి, కిటికీలోంచి చూపించి, మంచం కోళ్ల సంగతి ఇంకోసారి మాట్లాడమన్నాడు.

గంగులు సోమవారం దిమ్మను మూడుసార్లు చేసింది. మంగళవారం ఒక్కసారి. బుధవారం దాని జోలికి పోలేదు.

గురువారం బాషా టీ తాగి గ్లాసు పక్కన పెడితే, అంగడికి వచ్చిన గంగులు దాన్ని తలకిందులు చేసి అడుగు చూసింది. మిగిలిన చుక్క టీ నేల మీద పడింది. బాషా నవ్వి ఊరుకున్నాడు. పిల్ల ఉలిపిడి తిప్పి చూసింది, చపాతీ కర్ర చివర చూసింది, రాలిన వేపాకు తిప్పి చూసింది, కంకరరాయి తిప్పి చూసింది. చూసిన ప్రతిదాన్నీ కింద పెట్టి బాషా ముఖంలోకి చూసేది. ఏదో లేదని, అది లేకపోవడం తన తప్పేనని ఆ చూపు.

బడిలో ఇంకా అన్యాయం. లావు నుంచి సన్నం దాకా పేర్చాల్సిన ఇత్తడి చెంబులు ఐదు ఉంటే, ముందు వాటిని చేతిలో బరువు చూసి పేర్చేసే పిల్ల ఇప్పుడు అన్నిటి అడుగులూ వెతికి, ఒకటి పెట్టి, లేచిపోయి నిర్మలమ్మ కొంగు లాగేది. సరేనా టీచరమ్మా? ఇంకొకటి పెట్టి మళ్లీ వచ్చేది. సరేనా? నీళ్లు పోసే ముందు సరేనా, గుడ్డ మడిచే ముందు సరేనా. పక్కనున్న పిల్లల్ని కూడా అడిగేది. ఎవర్నీ ఏదీ అడగని పిల్ల అది. మొదటి వారంలో నిర్మలమ్మ సాయం చెయ్యబోతే ఆమె చెయ్యి తోసేసిన పిల్ల.

ఇది బాషాకు కిటికీలోంచి కనపడుతూనే ఉంది. మాటలు వినపడకపోయినా ఆ లేచిపోవడం, తల ఎత్తి చూడడం కనపడేది. తనకేం సంబంధం అని మొదట అనుకున్నాడు. పిల్లలన్నాక అడుగుతారు. రెండో రోజు కిటికీ వైపు వీపు పెట్టి కూర్చున్నాడు. మూడో రోజు అంగడి ముందు గోనెపట్టా కట్టించాడు, ఎండ కొడుతోందని. ఆ వేళ ఎండ లేదు, ముసురు పట్టి ఉంది. మహబూబ్ బీ వచ్చి ఆ పట్టా వైపు ఒకసారి, మొగుడి వైపు ఒకసారి చూసి అన్నం పెట్టి పోయింది.

ఆ తరువాతి వారం తిరుమలమ్మ వచ్చి అంగడి మెట్టు మీద కూర్చుంది. చేతిలో చీపురు ఉంది కానీ ఊడ్చేందుకు రాలేదు. జరిగింది ఏమిటంటే, ఈ పిల్ల ఇలా ఎందుకైందా అని నిర్మలమ్మ ఆలోచించి ఆలోచించి, ఇంట్లో అవ్వే జవాబులు నేర్పి ఉంటుందని తేల్చుకుంది. ముందు రెండుసార్లు తిరుమలమ్మ పిల్లలకు బొత్తాములు పెడుతూ దొరికింది, పిల్లలే పెట్టుకోవాలని నిర్మలమ్మ చెప్పి ఉంది. అందుకని అనుమానం అటే పోయింది. గట్టిగా ఏమీ అనలేదు. ఇకమీదట పిల్లలు పని చేసే గదిలోకి రావద్దని, వసారా ఊడ్చి కుండ నింపితే చాలని చెప్పింది.

"ఒక్క అచ్చరం ముక్క రాని దాన్ని, నేనేం నేర్పిస్తానన్నా?" అంది తిరుమలమ్మ. "ఆ దిమ్మ ఏందో, దాంట్లో ఏది యాడ పెట్టాల్నో నాకు ఈ పొద్దుకు గూడా తెలీదు. పిల్లోల్ల ముక్కులు తుడిచే చేతులన్నా ఇవి. గుమ్మం దాటొద్దంటే యాడ పెట్టుకునేది?"

బాషా ఉలి మొన మీద వేలు పెట్టి రుద్దుతూ కూర్చున్నాడు. చెప్పాల్సిన మాట గొంతు దాకా వచ్చింది. చివరికి ఆయన నోట్లోంచి వచ్చింది, కాలం అట్లాంటిది తిరుమలమ్మా అన్న మాట. తిరుమలమ్మ కూడా అవునని తల ఊపి, ముక్కు కొంగుతో తుడుచుకుని పోయింది. తన మాట ఆమె నమ్మడమే బాషాకు అన్నిటికంటే చెడ్డగా తగిలింది.

ఆ రోజు నుంచి ఆయన చేతికి ఏదో అయింది. పూతలపట్టు నుంచి ఒక రైతు కూతురి పెళ్లికని మంచం చేయించుకుంటే, మూడు కోళ్లు గుమ్మడికాయల్లా, ఒక కోడు మునక్కాయలా వచ్చింది. నమాజుకు నిలబడితే ఎన్ని రకాతులు చేశాడో లెక్క తప్పి మళ్లీ మొదలుపెట్టేవాడు. పక్కనున్న ఫకృద్దీన్ ఈ మనిషికి ఇంత భక్తి ఎప్పుడు పట్టుకుందని ఆశ్చర్యపోయాడు. ఎవరికీ కథలు చెప్పడం లేదు. టీ అంగడిలో ఎవరో బొంగరం సంగతి ఎత్తితే, అంతసేపు ఏం తిరగలేదులే అన్నాడు. అది విని నలుగురూ భయపడి, జ్వరమేమోనని నుదురు పట్టి చూశారు.

చెప్పడం ఎంతసేపు, రోడ్డు దాటితే చాలు. కానీ రోడ్డు అవతల ఏం చెప్పాలి? తాను దొంగతనం చెయ్యలేదు. పిల్లను కొట్టలేదు. ఏడుస్తుంటే చూడలేక ఒక చిన్న సాయం చేశాడు. ఈ మాట ఎన్నిసార్లు అనుకున్నా దాని కిందే ఇంకో మాట ఉండేది. నిజంగా చూడలేకపోయింది పిల్ల ఏడుపునా, ఎల్లప్ప నవ్వునా?

అలా రెండు వారాలు గడిచాక ఒక శుక్రవారం సాయంత్రం చినుకులు మొదలయ్యాయి. తిరుమలమ్మ వసారాలో చాపలు చుడుతుంటే గంగులు బాషా అంగడి చూరు కింద నిలబడింది. అవ్వ తెచ్చిన కొత్త రబ్బరు చెప్పులు ముందర ఉన్నాయి. పాత చెప్పులప్పుడు ఈ పిల్ల ఎప్పుడూ తనే వేసుకునేది. ఎడమది కుడికి వేసుకుని నాలుగడుగులు నడిచి, ఏదో తేడాగా ఉందని తనకే తోచి, ఆగి మార్చుకునేది. బాషా ఎన్నోసార్లు చూసి నవ్వుకున్నాడు. ఇవాళ కాలు పెట్టలేదు. కూర్చుని రెండు చెప్పులూ తలకిందులు చేసింది. అడుగు భాగం అంతా వేలితో తడిమింది. వానతడి తుడిచి మళ్లీ తడిమింది. చాలాసేపు. ఆఖరికి రెండిటినీ గుండెకు పట్టుకుని వచ్చి ఆయన ఎదుట నిలబడింది.

"తాతా, దీనికి గుర్తు పెట్టనేలేదు. యా కాలికి యాసుకోవాల?"

తన కాళ్లు తన దగ్గరే ఉన్నా, చెప్పమని ఆయన్ని అడుగుతోంది.

బాషా ఉలి కింద పెట్టాడు. పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకోవాలనిపించింది, కానీ ఆ పని చేసే అర్హత లేదనిపించింది. చెప్పులు లేకుండానే పిల్లను ఎత్తుకుని, వానలో రోడ్డు దాటి, నేరుగా నిర్మలమ్మ ముందర దింపాడు. బీరువాలో నుంచి దిమ్మ తానే తీసి, ఒక గూటం లాగి తలకిందులు చేసి ఆమె చేతిలో పెట్టాడు.

"కొడవలి ఉండాది సూడమ్మా. నేనే గీసినాను. పదింటికీ గీసినాను. పాపకు నేనే సెప్పినాను. ఎవురికీ సెప్పొద్దని గూడా నేనే సెప్పినాను."

నిర్మలమ్మ కిటికీ వెలుతురుకు పట్టుకుని చూసింది. ఒకటి చూసింది, రెండోది చూసింది, పదీ చూసింది. తరువాత తన నోటుపుస్తకం తెరిచి ఏదో పేజీ దగ్గర ఆగింది. అడుగు నుంచి పైదాకా పరీక్షిస్తోందని ఆమె మురిసిపోయి రాసుకున్న పేజీ అది. ఆమె ముఖం చూడలేక బాషా నేల చూశాడు. తిడితే బాగుండునని ఆయన కోరుకున్నాడు. ఆమె తిట్టలేదు. ఎందుకు చేశావని కూడా అడగలేదు.

"నాకు చెప్పినారు సరే," అంది పుస్తకం మూసి. "ముందు చెప్పాల్సింది నాకు కాదు గదా. వసారాలో ఉండేమెకు."

వసారాలో తిరుమలమ్మ ఆఖరి చాప చుడుతోంది. బాషా ఆమె ముందు నిలబడి మొత్తం చెప్పాడు. ఇన్నేళ్లలో ఆయన చెప్పిన సంగతుల్లో ఇదొక్కటే ఇసుమంత కూడా పెరగకుండా చెప్పింది. చాప చుట్టడం ఆపకుండానే ఆమె విన్నది. విని, చుట్టిన చాప గోడకు నిలబెట్టింది.

"పదైదు దినాలు ఈడ గుమ్మం అవతల నిలబడుండాను," అంది. "నువ్వు ఎదురుగానే ఉండావు గదన్నా. సూస్తానే ఉండావు గదా."

అంతే. గోనెపట్టా కట్టిన తరువాత చూడలేదని చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు.

నిర్మలమ్మ బయటికి వచ్చి, తిరుమలమ్మ చెయ్యి పట్టుకుంది. నేనూ నిన్ను అడగలేదు, చూసినాను, తీర్పు చెప్పేసినాను అని చాలా మెల్లగా అంది. తిరుమలమ్మ ఆ చెయ్యి విడిపించుకోలేదు, పట్టుకోనూ లేదు. గది ఊడవాలి, పిల్లోల్లు చింతగింజలు ఎట్ల జల్లినారో సూడు అని చీపురు తీసుకుని గుమ్మం దాటి లోపలికి పోయింది.

ఆ దిమ్మను అక్కడే ఉప్పుకాగితంతో రుద్ది గుర్తులు చెరిపేస్తానన్నాడు బాషా. నిర్మలమ్మ వద్దంది. వాటిని చెరిపినా పిల్ల అక్కడే వెతుకుతుందంది. వేరే కొయ్యతో, వేరే లావుల్లో, కొత్తది చెయ్యమంది. పాతదాన్ని ఆయన ఇంటికి పట్టుకుపోయాడు. పొయ్యిలో పెట్టమని మహబూబ్ బీకి ఇచ్చి, ఎందుకో ఆమెకూ మొత్తం చెప్పాడు. ఆమె పొయ్యిలో పెట్టలేదు. అటక మీద పెట్టింది. అప్పుడప్పుడూ చూసుకోనీలే, మనిషికి మంచిదంది.

కొత్త దిమ్మకు పన్నెండు రోజులు పట్టింది. ఈసారి వేపకొయ్య. ఎల్లప్ప టీ గ్లాసు పట్టుకుని వచ్చి, పాతది ఏమైందని అడిగాడు. బాషా చెప్పాడు. పరువు కోసం పసిబిడ్డకు దొంగ గుర్తులు నేర్పానని, ఉన్నదున్నట్టు. ఎల్లప్ప నవ్వడానికి నోరు తెరిచి, నవ్వు రాక, టీ తాగి పోయాడు.

దిమ్మ ఇచ్చిన రోజు బాషా బడిలోనే ఉండిపోయాడు. నిర్మలమ్మ అనుమతి అడిగి గంగులు చాప పక్కన నేల మీద కూర్చున్నాడు. ముందు పిల్లతో ఒక మాట చెప్పాలన్నాడు. ఆ గుర్తులు తాత పెట్టినవి, దేంట్లోనూ అట్లాంటివి ఉండవు, తాత తప్పు చేసినాడు అని చెప్పాడు. గంగులు ఆయన గడ్డం వైపు చూస్తూ వింది.

"ఎందుకు చేసినావు?" అంది.

ఏనుగుకు మంచం చేశానని ఊరిని నమ్మించిన నోరు అది. ఇప్పుడు దాన్ని మూసుకుని, దిమ్మను పిల్ల ముందుకు జరిపాడు.

పిల్ల ఆయన్ని వదిలేసి గూటాలు బయటికి తీసింది. మొదటిదాన్ని తలకిందులు చేసి చూసింది. నున్నగా ఉంది. రెండోది చూసింది. పదీ చూసింది. బెజ్జాల్లో వేలు పెట్టి తడిమింది. తరువాత ఒక గూటం తీసుకుని ఒక బెజ్జంలో పెట్టి, బాషా ముఖంలోకి చూసింది. సరేనా తాతా?

అది తప్పు. రెండు వడ్లగింజల తప్పు. ఆయన చేసిన గూటం, ఆయన చేసిన బెజ్జం, పుట్టుగుడ్డివాడికైనా తెలిసేంత తప్పు. బాషా రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని గోడ వైపు చూశాడు. గోడ మీద బల్లి ఒకటి ఉంది. దాన్ని చూశాడు. పిల్ల ఇంకోసారి అడిగింది. మూడోసారి అడిగింది. గొంతులో ఏడుపు జీర వచ్చింది. ఇంతకు ముందు రోడ్డు అవతల నుంచి విన్న ఏడుపు ఇప్పుడు చెవి పక్కనే వినాల్సి వచ్చింది. బల్లి ఎటో పోయింది, అయినా ఆయన గోడనే చూస్తున్నాడు.

గంగులు ఏడుస్తూనే మిగిలినవి పెట్టింది. తొమ్మిది దిగాయి. పదోది, అన్నిటికంటే లావుది, చేతిలో మిగిలింది. మిగిలిన ఒక్క సన్నబెజ్జం మీద పెట్టి నొక్కింది. దాని మీద పిడికిలితో గుద్దింది. లావు గూటాన్ని బాషా వైపు చాచి, తీసుకోమన్నట్టు పట్టుకుంది. ఆయన చెయ్యి తొడ కింద నుంచి దానంతటదే బయటికి రాబోయింది. దాన్ని మళ్లీ కిందికి నెట్టి పైన కూర్చున్నాడు. క్షమించమ్మా అని లోపల అనుకున్నాడు. ఎవరితో అనుకున్నాడో ఆయనకే తెలియదు, పిల్లతోనో, గది మూల చింతగింజలు ఏరుతున్న తిరుమలమ్మతోనో.

చాచిన చెయ్యి చాలాసేపు గాలిలోనే ఉంది. తరువాత దిగింది. పిల్ల ముక్కు ఎగపీల్చింది. చేతిలోని గూటాన్ని వేళ్లతో చుట్టూ తడిమింది. మొదట పెట్టిన గూటం వైపు చూసి, దాన్ని పట్టుకుని ఆడించి చూసింది. అది బెజ్జంలో వదులుగా కదిలింది. ఇంకోసారి ఆడించింది.

ఆ తరువాత గంగులు లేచి దిమ్మను రెండు చేతులతో పట్టి, గూటాలు కొన్ని దొర్లిపోతున్నా పట్టించుకోకుండా, చాప మీద అవతలి చివరకు ఈడ్చుకుపోయింది. అక్కడ బాషాకు వీపు పెట్టి కూర్చుంది. చిన్న భుజం కదలడం తప్ప ఆయనకు ఇంకేమీ కనపడలేదు. ఏ గూటం ఏ బెజ్జంలో పెడుతోందో తెలుసుకోవాలని ప్రాణం లాగింది. మెడ చాచలేదు. బండి వచ్చింది, బండి పోయింది. అంగడిలో ఎవరో మంచం కోళ్ల కోసం వచ్చి పిలిచి పిలిచి వెళ్లిపోయారు. కాళ్లు తిమ్మిరెక్కి మొద్దుబారినా ఆయన అక్కడే కూర్చున్నాడు, ఆ వీపు తన వైపు తిరగకూడదని అల్లాను వేడుకుంటూ.